నాలుగు పేటల క్యాసెట్

పోయినేడు మా నాన్నగారి ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఆయన తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయారు, రాజమండ్రిలో ఆ ఇంటిని చూసుకునేవాళ్ళు లేరు. ఇనప బీరువా అడుగు అరలో, అమ్మ పట్టుచీరల కింద, ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. తెరిస్తే నాలుగు పాత బొత్తాలు, ఒక పుస్తెలతాడు రశీదు, ఒక క్యాసెట్టు. క్యాసెట్టు పెట్టె మీద చిన్న మావయ్య చేతిరాత.

1. అక్క
2. హార్మోనియం
3. అక్క - వంత
4. అమ్మాయి

కింద తేదీ, మే 1988. నాలుగో అంకె దగ్గరున్న ఆ 'అమ్మాయి'ని నేనే. ఆ సంగతి చూసిన వెంటనే గుర్తొచ్చింది. గుర్తొచ్చి గుండెలో కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెప్తాను.

అటక మీంచి పాత టేప్ రికార్డరు దింపి, దుమ్ము దులిపి, క్యాసెట్టు పెట్టి నొక్కాం. అమ్మ పోయి పదహారేళ్ళయింది. ఆ గొంతు మళ్ళీ వింటామని నేనూ తమ్ముడూ కింద చాప మీద కూర్చున్నాం. వినిపించిందేమిటంటారు? బావిలోంచి ఎవరో మగమనిషి మూలుగుతున్నట్టు ఒక గొంతు. సాగదీసి, సాగదీసి. వెనకాల హార్మోనియం ఏనుగు ఘీంకారంలా ఉంది. కంగారుపడి రెండో వైపు తిప్పి పెట్టాం. అది ఇంకా ఘోరం. ఏ భాషో తెలియదు, మాటలన్నీ తోక నుంచి తలకి నడుస్తున్నట్టున్నాయి.

"పాడైపోయిందక్కా. టేపు సాగిపోయినట్టుంది, పారేద్దాం" అన్నాడు తమ్ముడు. పారెయ్యడానికి చెయ్యి రాలేదు. చీర మడతలో చుట్టి నా సంచిలో వేసుకొచ్చాను.

హైదరాబాదు వచ్చాక మా అమ్మాయికి చూపించాను. దానికి పాటల పిచ్చి, కంప్యూటర్లో ఏవేవో కలిపి వినిపిస్తూ ఉంటుంది. పెట్టె మీద రాసింది చూసి, విని, కాసేపు ఆలోచించింది. "అమ్మా, ఇది పాడవలేదు. ఇది మామూలు టేప్ రికార్డర్లో చేసింది కాదు. నాలుగు ట్రాకుల మెషీన్లో చేశారు. మనమే తప్పు పెట్టెలో వింటున్నాం" అంది.

ఆ మాటతో మొదలైంది నా చదువు. మధ్యాహ్నాలు వంట పనయ్యాక కూర్చుని ఆ నాలుగు ట్రాకుల మెషీన్ కథ వెతుక్కుంటూ పోయాను. చదివే కొద్దీ ఇది స్టూడియోల కథలా కాక ఇళ్ళ కథలా అనిపించింది. గ్యారేజీలు, పడగ్గదులు, భార్యాభర్తలు, పుట్టింటికి తిరిగొచ్చిన కూతుళ్ళు. అందుకే మీకు చెప్పాలనిపించింది.

ముందు క్యాసెట్టు సంగతి. మనమందరం పెన్సిలు పెట్టి తిప్పినవాళ్ళమే కాబట్టి దాన్ని కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. ఫిలిప్స్ కంపెనీలో లూ ఓటెన్స్ అనే డచ్చి ఇంజనీరు బృందం తయారుచేసింది. 1963లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మొదటిసారి జనానికి చూపించారు. రికార్డరు కోటు జేబులో పట్టాలని ఆయన పట్టుదల. అందుకని జేబుకి సరిపోయే చెక్కముక్క ఒకటి కోసుకుని, దాన్ని కొలతగా పెట్టుకున్నాడట. ఆ చెక్కముక్క చివరికి ఏమైందంటే, ఒకరోజు కారు టైరు మారుస్తూ జాకీ కింద పెట్టాడు, అంతే, పోయింది. మన ఇళ్ళలో కొలత గ్లాసు పోయినట్టే! ఓటెన్స్ 2021లో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

క్యాసెట్టులో టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. 3.81 మిల్లీమీటర్లు. అంత సన్నని పట్టీ మీద, స్టీరియో క్యాసెట్టులో, నాలుగు దారులుంటాయి. మెళ్ళో వేసుకునే నాలుగు పేటల గొలుసు ఊహించుకోండి. రెండు పేటలు ఈ వైపు పాటకి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి. క్యాసెట్టు తిప్పి పెడితే మిగతా రెండు పేటలు అటు వైపు పాటకి. అంటే రెండు పేటలు ఇటు నడుస్తాయి, రెండు అటు నడుస్తాయి. మామూలు టేప్ రికార్డరు ఒకసారికి రెండు పేటలే వింటుంది.

నాలుగు పేటలనీ ఒకే దిక్కుకి నడిపిస్తే? ఒక్కోదాంట్లో ఒక్కో గొంతు, ఒక్కో వాద్యం విడివిడిగా పెట్టుకోవచ్చు. ఈరోజు ఒకటి, రేపు ఒకటి. మొదటిది వింటూ రెండోది, ఆ రెండూ వింటూ మూడోది. ఎవరూ లేకపోతే ఒక్క మనిషే నలుగురవచ్చు. నాలుగు ట్రాకుల మెషీన్ అంటే ఇంతే.

ఇంతేనా అనిపిస్తుంది గానీ, ఈ 'ఇంతే' కోసం చాలా ఏళ్ళు పట్టింది. పాత రోజుల్లో పాట రికార్డు చెయ్యడమంటే అందరూ ఒక్కచోట చేరి ఒక్కసారే పాడి వాయించడం. మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలూ అలాగే చేశారు. పాట చివర వయొలిన్ వాయించే ఆయన ఒక్క స్వరం తప్పినా, గాయని అప్పటిదాకా ఎంత బాగా పాడినా, మళ్ళీ మొదటి నుంచి. పెళ్ళి పందిట్లో బంతి భోజనం లాంటిది. అన్నీ ఒకేసారి సిద్ధంగా ఉండాలి, ఒక్క సాంబారు ఆలస్యమైతే అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని చూడాల్సిందే.

ఈ కట్టు తెంచినవాళ్ళలో ముందు చెప్పుకునేది అమెరికాలో ఒక జంటని. భర్త లెస్ పాల్, గిటారు వాయిస్తాడు. చేతికి ఏ యంత్రం దొరికినా విప్పి చూసే రకం. హాలీవుడ్‌లో తన ఇంటి గ్యారేజీనే స్టూడియో చేసుకున్నాడు. 1948లో ఒక గిటారు పాట విడుదల చేశాడు, అందులో వినిపించే గిటార్లన్నీ ఆయనవే. ఒకటి రికార్డు చేసి, అది మోగుతుండగా దానితో పాటు ఇంకోటి వాయించి, ఆ రెండూ కలిపి మరో పళ్ళెం మీద ఎక్కించి, అలా పొర మీద పొర. మరుసటేడు ఆయన స్నేహితుడు, గాయకుడు బింగ్ క్రాస్బీ ఒక ఆంపెక్స్ టేపు రికార్డరు బహుమతిగా ఇచ్చాడు. దానికి ఇంకో హెడ్ తగిలించి, ఇంట్లోనే పొరలు వెయ్యడం మొదలుపెట్టాడు.

భార్య పేరు మేరీ ఫోర్డ్. 1949లో పెళ్ళయింది. గొంతు ఆవిడది. పొర మీద పొర వేసి ఆవిడ గొంతుకి ఆవిడ గొంతుతోనే వంత పెట్టారు. 1951లో వచ్చిన 'హౌ హై ది మూన్' అనే పాట తొమ్మిది వారాలు అమెరికాలో మొదటి స్థానంలో ఉంది. విన్నవాళ్ళకి అక్కాచెల్లెళ్ళు ముగ్గురు నలుగురు కలిసి పాడుతున్నట్టుంటుంది. ఉన్నది ఒక్క మేరీయే.

కథలన్నీ లెస్ పాల్‌ని గొప్ప ఆవిష్కర్త అంటాయి, నిజమే. నాకు మాత్రం మేరీ మీదే మనసు పోయింది. అప్పటి ఆ టేపు పద్ధతిలో కొత్త పొర వేస్తే పాత పొర దాన్లో కలిసిపోతుంది, మళ్ళీ విడదియ్యలేం. చివరి పొరలో ఆవిడకి దగ్గొచ్చినా, వీధిలో బండి హారన్ మోగినా, అప్పటిదాకా చేసిందంతా పోయినట్టే. గచ్చంతా కడిగి ముగ్గేసి, చివరి చుక్క కలుపుతుంటే కాలు తగిలినట్టు. ఒక మాట చెప్పనా, ఆ పనికి కావలసింది ప్రతిభ ఒక్కటే కాదు. ఓపిక. అది ఎవరి వాటాకి వస్తుందో మనకి తెలుసు.

1953 నుంచి వాళ్ళ ఇంటి పేరు మీదే టీవీ కార్యక్రమం కూడా వచ్చింది. ఇల్లే స్టూడియో, ఇల్లే ఆఫీసు, ఇల్లే వేదిక. 1964లో విడాకులయ్యాయి. మేరీ 1977లో, 53 ఏళ్ళకే పోయింది. లెస్ పాల్ 94 ఏళ్ళు బతికాడు. ఆ పాట ఇప్పటికీ వినిపిస్తుంది, మేరీ గొంతు పక్కన మేరీ గొంతు.

పొరలు కలిసిపోకుండా విడివిడిగా ఉంచే మెషీన్లు తర్వాత వచ్చాయి. 1957లో ఆంపెక్స్ కంపెనీ లెస్ పాల్ కోసం ఎనిమిది ట్రాకుల మెషీన్ చేసిచ్చింది. పెద్ద స్టూడియోలకి మాత్రం చాలాకాలం నాలుగే దిక్కు. 1967లో బీటిల్స్ బృందం లండన్‌లో చేసిన 'సార్జెంట్ పెప్పర్స్' అనే ప్రఖ్యాతమైన ఆల్బమ్ నాలుగు ట్రాకుల మెషీన్ల మీద చేసిందే. వాళ్ళ టేపు వెడల్పు ఒక అంగుళం, మన క్యాసెట్టుకి ఆరింతలు పైనే.

నాలుగు ట్రాకుల్లో అంత పెద్ద సంగీతం ఎలా పట్టించారు? ఇది మనకి తెలిసిన విద్యే. ఫ్రిజ్‌లో జాగా లేనప్పుడు మూడు గిన్నెల్లో మిగిలిన పప్పూ కూరా పులుసూ ఒక గిన్నెలోకి చేర్చి, మిగతా గిన్నెలు కడిగి మళ్ళీ వాడుకోమా? అదే. మూడు ట్రాకులు నిండాక, ఆ మూడింటినీ కలిపి నాలుగోదాంట్లోకి దింపుతారు. ఇప్పుడు మూడు ఖాళీ. మళ్ళీ నింపుకోవచ్చు. దీన్ని బౌన్స్ చెయ్యడం అంటారు. చిక్కేమిటంటే కలిపాక మళ్ళీ ఉప్పు తగ్గించడానికి ఉండదు. పైగా దింపిన ప్రతిసారీ టేపు తాలూకు 'స్స్స్' శబ్దం కొంచెం పెరుగుతుంది.

ఇవన్నీ డబ్బున్న స్టూడియోల ముచ్చట్లు. గంటకింతని అద్దె కట్టాలి, బయట సోఫాలో మీ వంతు కోసం కూర్చోవాలి. 1979లో ఆ పరిస్థితి మారింది. జపాన్‌కి చెందిన టియాక్ కంపెనీ 'పోర్టాస్టూడియో 144' అని ఒక పెట్టె తెచ్చింది. మిక్సర్, రికార్డరు రెండూ ఒకే పెట్టెలో. బల్ల మీద పడుతుంది. దాన్లో పెట్టేది బజార్లో దొరికే మామూలు క్యాసెట్టే.

రెండు కిటుకులు చేశారు అందులో. ఒకటి, నాలుగు పేటలనీ ఒకే దిక్కుకి నడిపించారు. రెండు, శబ్దం బాగుండడానికి టేపుని మామూలు కన్నా రెట్టింపు వేగంతో తిప్పారు. అంటే తొంభై నిమిషాల క్యాసెట్టు మీద రెండు వైపులా కలిపి ఇరవై రెండున్నర నిమిషాలే వస్తుంది, తిప్పి పెట్టడానికి లేదు. అదే పద్ధతిలో చేసిన మా అమ్మ క్యాసెట్టుని మామూలు టేప్ రికార్డరు సగం వేగంతో తిప్పేసరికి అమ్మ గొంతు మగగొంతయింది. తిప్పి పెట్టేసరికి, మూడో పేటా నాలుగో పేటా వెనక నుంచి ముందుకి మోగాయి. దెయ్యమూ లేదు, టేపు సాగడమూ లేదు.

ఇక మిక్సింగ్. ఆ మాట వినగానే నాకు మిక్సీయే గుర్తొచ్చింది, మీకూ అంతేనేమో. కానీ ఇది అన్నీ వేసి తిప్పెయ్యడం కాదు. పులిహోర కలపడం లాంటిది. పులుపెంత, ఉప్పెంత, పోపెంత, ఏది ముందు నాలిక్కి తగలాలి, ఏది నమిలాక తెలియాలి. పెట్టె మీద ట్రాకుకి ఒకటి చొప్పున జరిపే మీటలుంటాయి. పైకి జరిపితే ఆ గొంతు ముందుకొస్తుంది, కిందికి జరిపితే వెనక్కి వెళుతుంది. ఎడమ చెవి వైపుకో కుడి వైపుకో జరపడానికి ఒక తిప్పుడు బొత్తాం. పదునుగా వినిపిస్తుంటే తగ్గించడానికి, మొద్దుగా ఉంటే పెంచడానికి ఇంకో రెండు. అన్నీ సరిచూసుకుని, నాలుగింటినీ కలిపి ఇంకో టేప్ రికార్డర్లోకి ఎక్కిస్తే, అందరూ వినే పాట తయారు. అసలు క్యాసెట్టులో మాత్రం నాలుగూ విడివిడిగానే ఉంటాయి. రేపు మళ్ళీ ఇంకోలా కలుపుకోవచ్చు.

ఈ పెట్టెకి పెద్ద పేరు తెచ్చింది అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1982 జనవరి మొదట్లో, న్యూజెర్సీలో అద్దెకున్న ఇంటి పడగ్గదిలో కూర్చుని, రెండు మైకులతో, గిటారు పట్టుకుని పాటలు పాడుకున్నాడు. అవి నమూనాలు మాత్రమే. తర్వాత బృందంతో స్టూడియోలో బాగా చేద్దామని. నాలుగు ట్రాకులు కలిపి ఎక్కించింది కూడా ఇంట్లో ఉన్న మామూలు టూ-ఇన్-వన్ లాంటి పెట్టెలోకే. ఆ క్యాసెట్టుని డబ్బా కూడా లేకుండా ప్యాంటు జేబులో వేసుకుని కొన్ని వారాలు తిరిగాడు. స్టూడియోలో మహామహులతో మళ్ళీ చేస్తే, అన్నీ ఉన్నాయి గానీ ఆ గదిలో ఉన్నదేదో రాలేదు. చివరికి జేబులోని ఆ క్యాసెట్టునే ఆల్బమ్‌గా విడుదల చేశారు. దాని పేరు 'నెబ్రాస్కా'.

అది అందరూ చెప్పే కథ. నాకు నచ్చినవి ఇంకో రెండు. 1991లో లిజ్ ఫెయిర్ అనే అమ్మాయి, చదువయ్యాక చేతిలో డబ్బుల్లేక షికాగో దగ్గర తల్లిదండ్రుల ఇంటికి తిరిగొచ్చింది. తన పాత గదిలో నాలుగు ట్రాకుల రికార్డరు పెట్టుకుని, 'గర్లీ సౌండ్' అన్న పేరుతో పాటలు చేసి స్నేహితులకి క్యాసెట్లు ఇచ్చింది. అవి చేతులు మారి, కాపీల మీద కాపీలై ఊళ్ళు తిరిగాయి. రెండేళ్ళకి వాటిలోంచే ఆవిడ మొదటి ఆల్బమ్ పుట్టింది. ఇంగ్లండులో పీజే హార్వీ అనే గాయని ఇంట్లో ఒక్కర్తే చేసుకున్న ముడి రికార్డింగులు 1993లో '4-ట్రాక్ డెమోస్' అన్న పేరుతోనే వచ్చాయి. అప్పటికే అదే ఏడు స్టూడియోలో చేసిన ఆల్బమ్ ఒకటి వచ్చింది. అయినా జనం ఈ ఇంటి పాటలని విడిగా కోరి విన్నారు.

ఆడపిల్ల తన గదిలో తలుపు వేసుకుని, ఎవరూ 'ఇలా పాడమ్మా' అనకుండా, నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ పాడుకోగలగడం. ఇది చిన్న సంగతి కాదు. స్టూడియోలో అద్దం అవతల కూర్చుని బొత్తాలు నొక్కేది దాదాపు ఎప్పుడూ మగవాళ్ళే. ఇంట్లో ఆ బొత్తాలు ఆ పిల్ల చేతిలోనే ఉన్నాయి.

మన దగ్గర 1980ల నాటికి క్యాసెట్టు ప్రతి ఇంటికీ వచ్చేసింది. గ్రామఫోను రికార్డు కొనలేనివాళ్ళు కూడా భక్తిపాటలు, హరికథలు, జానపదాలు కొనుక్కున్నారు. మా గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఉత్తరం రాయడం రాక క్యాసెట్టులో మాట్లాడి పంపేవారు. ఇంట్లో పిల్లలు టేప్ రికార్డరు చుట్టూ కూర్చుని అమ్మ మాటలు వినేవారు. నాలుగు ట్రాకుల మెషీన్లు మాత్రం ఎక్కడో ఒకటి. ఎవరైనా విదేశాల నుంచి తెస్తే తప్ప దొరికేవి కావు.

చిన్న మావయ్య కాకినాడలో ఒక ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాడు. సింగపూరు నుంచి వచ్చిన స్నేహితుడెవరో తెచ్చిన పెట్టెని అప్పు చేసి కొన్నాడు. అత్తయ్య గాజులు కొన్నాళ్ళు బ్యాంకులో ఉన్నాయి ఆ దెబ్బకి. 1988 వేసవిలో ఆ పెట్టెని పాత దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు.

అమ్మకి పెళ్ళిపాటలు చాలా వచ్చు. నలుగు పాటలు, బంతి పాటలు, హారతులు, అప్పగింతల పాటలు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవి, ఏ పుస్తకంలోనూ లేనివి. "నువ్వున్నప్పుడే దాచాలక్కా" అన్నాడు మావయ్య. "అంటే నేను పోతానేమిట్రా" అని నవ్వింది అమ్మ. ముందుగా అప్పగింతల పాట చేద్దామన్నారు. అమ్మ పాడుతుంటే మావయ్య హార్మోనియం వాయించాడు, చెరో మైకు. తర్వాత అమ్మ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాడు. తన గొంతు తనకే వినిపించేసరికి అమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ గొంతుకి తనే వంత పాడింది. నాలుగోది నాకు వదిలారు. కూతురి గొంతు కూడా ఉండాలని అమ్మ కోరిక.

నాకప్పుడు పదిహేడేళ్ళు. ఇంటర్ పరీక్షలు రాసి ఉన్నాను. ఆ వేసవిలోనే నాన్నగారు సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. నాకు డిగ్రీ చదవాలని ఉంది. అడిగే ధైర్యం లేదు. ఇంట్లో అందరూ కలిసి నా చేత అప్పగింతల పాట పాడించడానికి కూర్చున్నారంటే, నన్ను పంపించెయ్యడానికి రిహార్సల్ చేస్తున్నట్టే అనిపించింది. మేడ మీద గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. పిలిచారు. పలకలేదు. మళ్ళీ పిలిచారు. కిందకి రాలేదు.

మర్నాడు మావయ్య పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. అప్పు తీర్చలేక ఆ ఏడాదే దాన్ని అమ్మేశాడు. మిగతా పాటలు రికార్డు కాలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఇన్నేళ్ళు గుచ్చింది. ఎందుకో ఆ తర్వాత సంబంధాల మాట కూడా ఆగింది. డిగ్రీ పూర్తయ్యాకే, 1993లో నా పెళ్ళి జరిగింది. నాన్నగారే మెత్తబడ్డారనుకున్నాను. 2009లో అమ్మ పోయింది, పాటలు కూడా ఆవిడతోనే పోయాయి.

సరే, మా అమ్మాయి చేసింది చెప్తాను. మీలో ఎవరికైనా పనికి రావచ్చు. అలాంటి మెషీన్ ఇప్పుడు దొరకడం కష్టం. 1990ల చివరికి డిజిటల్ రికార్డర్లు, కంప్యూటర్లు వచ్చి వాటిని మూలకి నెట్టేశాయి. కానీ మంచి స్టీరియో క్యాసెట్ డెక్ ఒకటి ఉంటే చాలు. ఒకటి అరువు తెచ్చింది. హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచింది. ముందు ఒక వైపు వాయించి కంప్యూటర్లోకి ఎక్కించింది. అది 1, 2. తిప్పి పెట్టి రెండో వైపు ఎక్కించింది. అది 3, 4, వెనక నుంచి ముందుకి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండో వైపుని తలకిందులు చేసి, రెండింటి వేగమూ రెట్టింపు చేసింది. టేపు ఒక్కోసారి ఒక్కో వేగంతో తిరుగుతుంది కాబట్టి రెండూ సరిగ్గా కలవవు, అక్కడక్కడా లాగి అతకాలి. ఒక ఆదివారమంతా పట్టింది.

సాయంత్రం నన్ను పిలిచి కూర్చోబెట్టింది. మొదటి ట్రాకు పెట్టింది. అమ్మ. నలభై దాటిన అమ్మ, ఇప్పటి నాకన్నా చిన్నది. పాట మొదలుపెట్టే ముందు గొంతు సవరించుకోవడం కూడా ఉంది. రెండోది పెట్టింది, మావయ్య హార్మోనియం, పక్క మైకులోంచి లీలగా అమ్మ గొంతు. మూడోది వంత. రెండు గొంతులూ కలిపి పెడితే, మేరీ ఫోర్డ్ పాట విన్నవాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో నాకర్థమైంది. ఒకే మనిషి, అక్కా చెల్లెలూ అయినట్టు.

"నాలుగోది ఖాళీయేలేమ్మా?" అంది మా అమ్మాయి. "ఖాళీయే. నేను పాడలేదు" అన్నాను. "ఖాళీ కాదు, ఏదో ఉంది" అని పెట్టింది.

నేను వస్తానని మావయ్య ముందే మైకు పెట్టి రికార్డు బొత్తాం నొక్కేసినట్టున్నాడు. ముందు ఫ్యాను శబ్దం. హెడ్‌ఫోన్స్‌లోంచి బయటికి సన్నగా కారుతున్న పాట. అమ్మ నన్ను పేరు పెట్టి పిలవడం. కొంచెం ఆగి, ఇంకోసారి. మావయ్య "నేను వెళ్ళి తీసుకురానా?" అనడం. ఆ తర్వాత అమ్మ, గొంతు తగ్గించి:

"వద్దురా. దానికి ఇష్టం లేదు. ఈ ఏడు సంబంధాలు చూడొద్దని మీ బావగారితో నేను చెప్తాలే. చదువుకోనీ. ఆ నాలుగోది అలాగే వదిలెయ్యి."

కుక్కరు కూత వేసింది. "పప్పు" అంటూ అమ్మ లేచిన చప్పుడు. గాజుల చప్పుడు దూరమయింది. టక్కుమని బొత్తాం.

ముప్ఫై ఏడేళ్ళు నేను ఆవిడ కోరిక తీర్చని కూతురినని బాధపడ్డాను. ఆవిడేమో ఆ పూటే నా పక్షాన నిలబడి, ఆ సంగతి నాకు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

టేపుకి ఒక గుణముంది. కొత్తది రాయాలంటే పాతది చెరపాలి. రికార్డు హెడ్‌కి ముందు చెరిపే హెడ్ ఉంటుంది, టేపు దాని మీదుగానే వస్తుంది. ఆ మర్నాడు నేను కిందకి దిగొచ్చి, అమ్మ మీద జాలిపడి ఆ నాలుగో ట్రాకులో పాడి ఉంటే, ఆ మాటలు పోయేవి. పాట ఉండేది, అమ్మ మాట ఉండేది కాదు.

"ఇప్పుడు పాడమ్మా. కంప్యూటర్లో ఎన్ని ట్రాకులైనా పెట్టుకోవచ్చు, ఏదీ చెరగదు" అంది మా అమ్మాయి. రెండు రోజులు తప్పించుకున్నాను. మూడో రోజు పాడాను. గొంతు వణికింది, రెండు చోట్ల శ్రుతి తప్పింది. అయిదో ట్రాకుగా పెట్టింది. ఎవరి గొంతు ముందుండాలని అడిగింది. ఆ మీటలు నా చేతికిచ్చింది. అమ్మని ముందుంచాను. నన్ను బాగా వెనక్కి, వంటింట్లోంచి పాడుతున్నట్టు. హార్మోనియం కొంచెం తగ్గించాను. నాలుగో ట్రాకుని పాటలో కలపలేదు. అది విడిగా దాచుకున్నాను.

మావయ్యకి వాట్సాప్‌లో పంపాను. డెబ్భై దాటాయి, చెవులు కాస్త మందగించాయి. అరగంట తర్వాత ఫోను చేశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంతా బాగానే ఉంది గానీ, నా హార్మోనియం మరీ అంత తగ్గించేశావేమే?" అన్నాడు. పెంచి మళ్ళీ పంపాను.

మీ ఇంట్లో కూడా బీరువా అడుగున పాత క్యాసెట్లు ఉండే ఉంటాయి. వాయిస్తే మూలుగులా వినిపించినా, ఉల్టాగా వినిపించినా పాడైపోయిందని పారెయ్యకండి. అట్ట మీద ఏం రాసుందో చూడండి. మీద మళ్ళీ రికార్డవ్వకుండా వెనకనున్న రెండు చిన్న రెక్కలు విరిచెయ్యండి. తేమ తగలనివ్వకండి. ఇంట్లో కంప్యూటరు తెలిసిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్ళు పాడేవాళ్ళుంటే ఫోన్లోనైనా సరే ఇవాళే పాడించండి. పిల్లలు రామని మొండికేస్తే మాత్రం బలవంతం చెయ్యకండి. బొత్తాం నొక్కి ఉంచండి, చాలు.